పిన్ని చెయ్యి

పోయిన వారం భాగంలో మనం పిన్నిని గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. అక్క పోయినప్పటి నుంచీ తన దగ్గరే తింటూ తన దగ్గరే పడుకుంటూ వచ్చిన అక్క కూతురిని, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుచుకునే ఆరేళ్ళ పిల్లని, కన్నతండ్రి అయిన బావ వచ్చి వెంటబెట్టుకుపోయాడు. పొరుగూళ్ళో ఉన్న తన అక్కగారింట్లో పెంచుతానన్నాడు. పోతూ పోతూ ఒక మాట కూడా అన్నాడు.

"అమ్మాయ్, నిన్ను తిట్టడానికి నాకు నోరు రావట్లేదు. కానీ నువ్వు రాయైపోయావు. నీ దగ్గరుండి పిల్ల కూడా రాయైపోతోంది. తల్లి పోయిన పిల్ల ఏడవాలా వద్దా, నువ్వే చెప్పు."

ఆ మాటకి పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగి ఉంటే బావ చేతిలో సంచీ కింద పెట్టేసేవాడే. ఆయన అసలు ఆ నీళ్ళ కోసమే ఎదురుచూశాడని నా అనుమానం. పిన్ని మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి, "దాని స్వెట్టరు మర్చిపోయావు బావా" అని లోపలికెళ్ళి తెచ్చిచ్చింది. బావ స్వెట్టరు తీసుకున్నాడు, పిల్లని తీసుకున్నాడు, వెళ్ళిపోయాడు. పిల్ల వెనక్కి తిరిగి చెయ్యూపింది. అదీ ఏడవలేదు.

కథలో ఇది మొన్న సాయంత్రం సంగతి. నిన్నంతా పిన్ని ఇంట్లోనే ఉంది. అన్నం వండుకుంది, తిన్నది, పిల్ల పుస్తకాలు సర్దింది, పడుకుంది, నిద్ర కూడా పట్టింది. పిల్ల లేని ఇంట్లో నిద్ర ఎలా పట్టిందని తనని తనే ప్రశ్నించుకుంది గాని, జవాబు కోసం పెద్దగా వెతకలేదు. ఈ మధ్య ఆమెకి ఏ ప్రశ్న అయినా అంతే, వస్తుంది, కాసేపు కూర్చుంటుంది, లేచి వెళ్ళిపోతుంది. ఈ ఉదయం లేచి తయారై పనిలోకి వచ్చేసింది.

పని అంటే మందుల ల్యాబు. తెరుచుకోని కిటికీలు, రోజంతా గుయ్యిమనే ఫ్రిజ్జులు, మైనం కరిగించినప్పటిలాంటి వాసన. పిన్ని అక్కడ జెల్ తయారుచేస్తుంది. మనసు అదుపు తప్పి అరిచి, వణికి, మాత్ర నోట్లో పెట్టబోతే పళ్ళు బిగించే రోగులుంటారు. వాళ్ళని నెమ్మదింపజేసే మందుని నోటితో పనిలేకుండా చర్మం గుండా ఒంట్లోకి పంపడం ఆ జెల్ ఉద్దేశం. వినడానికి సులువుగా ఉంది కదా. చర్మాన్ని అడిగితే తెలుస్తుంది. దాని పైపొర చచ్చిన కణాలతో కట్టిన గోడ. ఇటుకల మధ్య సున్నం పెట్టినట్టు ఆ కణాల మధ్య కొవ్వు ఉంటుంది. నీళ్ళలో కలిపిన మందు ఆ గోడ దగ్గరికి వెళ్ళి, తలుపు కనబడక తిరిగొచ్చేస్తుంది. అందుకని మందుని కంటికి ఆనని సన్నని కొవ్వు రేణువుల కడుపులో దాచి పంపుతారు. కొవ్వుకి కొవ్వు చుట్టం. రేణువు వెళ్ళి ఆ సున్నానికి అంటుకుని, అందులో కలిసి, దాచిన మందుని నిదానంగా లోపలికి జారవిడుస్తుంది. ఒకసారి రాస్తే రోజంతా పనిచేస్తుంది. ఈ నాలుగు మాటలు నిజం చేయడానికి పిన్ని చాలా ఏళ్ళు ఖర్చుపెట్టింది. పెళ్ళి సంబంధాలు తెచ్చినవాళ్ళతో అక్క, "మా చెల్లికి కొవ్వుతో పెళ్ళైపోయింది, మీరు లేటయ్యారు" అని చెప్పి టీ ఇచ్చి పంపేసేది.

ఇప్పుడా జెల్‌ని ఆసుపత్రిలో రోగుల మీద పరీక్షిస్తున్నారు. సగంమందికి మందున్న జెల్, సగంమందికి మందులేని ఉత్త జెల్. ల్యాబులో వాళ్ళ భాషలో ఒకటి మందుది, ఒకటి ఉత్తది. ఎవరికి ఏది రాస్తున్నారో రోగికి గాని, రాసే నర్సుకి గాని తెలియకూడదు. కాబట్టి రెండూ ఒకే తెలుపు, ఒకే జారుడు, ఒకే వాసన ఉండేట్టు చేయాలి. అది చేసింది పిన్నే. వేలికి తేడా తెలియనంతగా చేసింది. ట్యూబుల మూతలు మాత్రం వేరు, మందుదానికి తెల్ల మూత, ఉత్తదానికి నీలం మూత.

పిన్నికి ఒక అలవాటుంది. జెల్ తయారుచేసే వాళ్ళలో చాలామందికి ఉంటుంది గాని ఎవరూ ఒప్పుకోరు. నిలవ ఉంచిన జెల్ బాగుందో పాడైందో చూడాలంటే గ్లవుజు వేసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూడాలని రూలు. గ్లవుజుకేం తెలుస్తుంది? పిన్ని వచ్చీరాగానే చొక్కా చెయ్యి పైకి మడిచి, నీలం మూత ట్యూబులోంచి బఠాణీ గింజంత తీసి మోచేతి మడత లోపల రాసుకుంటుంది. అక్కడ చర్మం పల్చన, అబద్ధం చెప్పదు. రాసుకున్నది తుడవదు, ఆరాక పొట్టు లేస్తుందా, జిడ్డు మిగులుతుందా అని మర్నాటి దాకా గమనిస్తుంది. ఉత్తదే కదా, కాస్త కొవ్వు, కాస్త నీళ్ళు, భయమేముంది? అక్క పోయాక సెలవు పెట్టి, తిరిగొచ్చిన రోజు నుంచి పనిలోకి వచ్చిన ఏ ఒక్క పూటా మానలేదు. పనిలో మనసు పెట్టడానికి అదొక్కటే దారిగా తోచింది ఆమెకి.

ఈ ఉదయం కూడా అదే పనిలో ఉండగా కాటా వచ్చింది. కాటా అంటే మనిషే. కొలతల గది ఆమెది. ఆపరేషన్లలో కోసి తీసేసిన చర్మాన్ని గాజు గిన్నెల మధ్య బిగించి, పైన జెల్ రాసి, కింద నీటిలోకి ఎంత మందు దిగిందో తేల్చడం ఆమె ఉద్యోగం. టీలో పంచదార దగ్గర్నుంచి స్నేహితులకిచ్చే సలహా దాకా తూచి వేస్తుంది కనుక ఆ పేరు పడింది. పిన్నికి ఈ ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు.

"ఇవాళ కూడా సెలవు పెడతావనుకున్నానే" అంది కాటా తలుపు దగ్గరే ఆగి. "పిల్ల వెళ్ళిపోయిందటగా. మీ ఇంటికొద్దామనే బయల్దేరా, ఫోను చేస్తే తియ్యలేదు నువ్వు."

"వినబడలేదు. పనుందని వచ్చేశా."

"ఏం చేస్తున్నావది?"

"నిలవవి చూస్తున్నా. బానే ఉంది. అట్ట కట్టట్లేదు."

"చేతికి రాసుకుని చూస్తున్నావా?"

పిన్ని చొక్కా చెయ్యి కిందికి లాగబోయి, లాగడం కూడా ఎందుకులే అన్నట్టు వదిలేసింది. "ఉత్తదేలేవే."

"ఏ మూతది?"

"నీలం."

కాటా లోపలికొచ్చి పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆమె మొహం చూసి పిన్ని, "టీ తాగావా?" అని అడిగింది.

"నీలం ఉత్తది కాదే" అంది కాటా. "మూతలు మార్చేశాం."

"ఎప్పుడు?"

"మీ అక్క పోయి నువ్వు సెలవులో ఉన్నప్పుడు. నర్సులు పసిగట్టేశారు. నీలం మూతది రాస్తే ఏం పనిచెయ్యట్లేదు, తెల్లదే ఇవ్వండని గోల. అలాగైతే పరీక్షేముంది ఇంక. అందుకని కొత్త ట్యూబులకి రంగులు తారుమారు చేశాం. నీలంది మందుది ఇప్పుడు."

"నాకు చెప్పలేదే."

తూచి మాట్లాడే మనిషికి ఆ పూట తూకపు రాళ్ళు దొరకలేదు. "అందరికీ చెప్పింది నేనే. నీకు కూడా చెప్పాలనే ఉండింది. నువ్వు తిరిగొచ్చిన రోజు నీ మొహం చూసి, ఇంత దుఃఖంలో ఉన్నదానికి మూతల రంగుల గోలెందుకులే అనుకున్నా. నువ్వు ట్యూబులు నింపవుగా, నీకెలాగూ అవసరం లేదనుకున్నా. నువ్వు ఒంటికి రాసుకుంటావని నేను కల గన్నానా?"

దయ తలచి ఊరుకుంది, పాపం. ఆమెను ఏమనగలం?

పిన్ని ట్యూబు వైపు చూసింది, మోచేతి మడత వైపు చూసింది. "అయితే సెలవు నుంచి వచ్చినప్పటి నుంచీ మందే రాసుకుంటున్నానన్నమాట" అంది, ఇంట్లో పాలు అయిపోయాయని చెప్పినట్టు.

అసలు ఆ క్షణంలో ఆమె గుండె ఝల్లుమనాలి. కాళ్ళకింద నేల కదలాలి. ఏదీ జరగలేదు. చీమ కుట్టినట్టైనా లేదు. లేకపోవడానికి కారణం కూడా అదే మందని ఆమెకి అర్థమైంది. అర్థమై కూడా ఏమీ అనిపించలేదు.

కాటా లేచి ఆమెని సింకు దగ్గరికి లాక్కెళ్ళి, సబ్బు తీసుకుని మోచెయ్యి రుద్దడం మొదలుపెట్టింది. పిన్ని చెయ్యి అప్పగించి నిలబడింది.

"రుద్దకే, ఎర్రబడుతుంది. నీళ్ళతో పోదది. పైపొరలోకి వెళ్ళిపోయింది. రోజూ రాసినచోటే రాశాను కాబట్టి నిలవ కూడా ఉంటుంది. ఇవాళ మానేసినా కొన్నాళ్ళు అదే దిగుతుంటుంది లోపలికి."

"పాఠం చెప్పకు నాకు."

"పనిచేస్తోందే, కాటా. మన జెల్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

కాటా సబ్బు వదిలేసి ఏడ్చేసింది. ముక్కు ఎగబీలుస్తూ, తడి చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చింది. పిన్ని పక్కనున్న తువ్వాలు తీసి అందించింది. అందరూ తన ముందు ఏడవడం, తను తువ్వాళ్ళు అందించడం అలవాటైపోయింది.

"నువ్వు ఏడ్చావే" అంది కాటా. "మీ అక్క పోయిన రోజు. ఆసుపత్రి మెట్ల మీద. నా భుజం తడిసిపోయింది. నిన్ను పట్టుకోవడం ఇద్దరి వల్ల కాలేదు. గుర్తుందా?"

గుర్తుంది. జరిగినట్టు గుర్తుంది, వేరేవాళ్ళకి జరిగినట్టు. అక్క తనకి అక్కే కాదు. అమ్మ మంచాన పడ్డ దగ్గర్నుంచి తలదువ్వి, బడికి పంపి, ఫీజులు కట్టి, తను పరీక్ష రాస్తుంటే బయట గేటు దగ్గర ఎండలో నిలబడ్డ మనిషి. ఆ మనిషి పోతే కొన్నాళ్ళు ఏడ్చి, ఆ తర్వాత ఒకరోజు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఏడుపు అయిపోయింది కాబోలు అనుకుంది పిన్ని. ఇంతేనా తన ప్రేమ అని సిగ్గుపడింది కూడా, ఆ సిగ్గు కూడా రెండు పూటల్లో చల్లారింది. బావ రాయన్నాడు. కాదనడానికి ఆమె దగ్గర సాక్ష్యం లేకపోయింది.

ఇప్పుడు సాక్ష్యం దొరికింది. నీలం మూతతో బల్ల మీద ఉంది. బావకి చూపించి, "నేను రాయిని కాను బావా, నా ఒంట్లో మందుంది" అనవచ్చు. పిల్లని వెనక్కి తెమ్మని అడగవచ్చు. ఆ ఆలోచన వచ్చినప్పుడు ఆమెకి ఎక్కడో, చాలా లోతున, దూరంగా ఎవరో తలుపు తట్టినట్టు అనిపించింది.

"ఎవరికీ చెప్పొద్దే" అంది కాటా, మనసు చదివినట్టు. "రాసుకోవడం మానేయ్, అంతే. కొద్దికొద్దిగా మామూలైపోతావు. బయటపడితే నీ ఉద్యోగం పోతుంది. మూతల సంగతి నీకు చెప్పనందుకు నాదీ పోతుంది. అయినా ఎవరికేం నష్టం జరిగింది, రాసుకున్నది నువ్వొక్కదానివేగా."

"ఊఁ" అంది పిన్ని.

కాటా తువ్వాలుతో స్నేహితురాలి చెయ్యి ఒత్తుతూ, అలవాటైన ఉద్యోగపు గొంతుతో, పరీక్షలో చేరిన ప్రతి రోగినీ అడిగే ప్రశ్న అడిగింది. "రాసుకున్నాక ఆ చోటు గుడ్డతో కప్పుకుంటున్నావా? ఇంకెవరికీ తగల్లేదుగా?"

పిన్ని చెయ్యి వెనక్కి లాక్కుంది.

పిచ్చుకకి మొదట్లో రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. బావ లిఫ్టులు బాగుచేస్తాడు, ఏ వేళప్పుడు ఎవరు ఇరుక్కుంటే ఆ వేళప్పుడు పరిగెత్తాలి. అందుకే పిల్లని పిన్ని దగ్గర పడుకోబెట్టేవాడు. పిల్ల దిండు విసిరేసేది. అమ్మ దగ్గర పడుకున్నట్టే పడుకోవాలని పట్టు. పిన్ని చెయ్యి చాచితే మోచేతి మడతలో చెంప ఆనించి, పెదాలు చర్మానికి ఒత్తి, అమ్మ ఏది, అమ్మ ఏదని వెక్కుతూనే కళ్ళు మూసుకునేది. కొన్నాళ్ళకి వెక్కడం తగ్గింది. తర్వాత అమ్మని అడగడం మానేసింది. తర్వాత ఏదీ అడగడం మానేసింది. బళ్ళో బల్ల మీద తలవాల్చి నిద్రపోతోందని టీచరు కబురుపెడితే, పాపం కొత్తగా అలవాటుపడుతోందని సర్దిచెప్పింది పిన్ని. పిల్ల తన దగ్గర కుదుటపడిందని లోలోపల కాస్త గర్వపడింది కూడా.

పెద్దవాళ్ళకి సరిపోయేట్టు చేసిన మందు. పిచ్చుకంత పిల్ల.

"ఏమే, మాట్లాడవేం? ఎవరికైనా తగిలిందా?" కాటా మళ్ళీ అడిగింది.

"పిచ్చుకకి" అంది పిన్ని. "రోజూ."

కాటా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. పిన్ని ఆమె వైపు చూడలేదు. మెల్లిగా వెళ్ళి స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో పెట్టుకున్న తన చెయ్యిని తనే చూసుకుంటూ ఉండిపోయింది. ఈ చేత్తో పిల్లకి జడలు వేసింది, అన్నం కలిపి పెట్టింది. బావ అన్నమాట నిజమే. నీ దగ్గరుండి పిల్ల రాయైపోతోందన్నాడు. ఎలా అవుతోందో ఆయనకి తెలియదు, అంతే తేడా.

ఆ సమయంలో ఫోను మోగింది. బావ.

ఆయన మాట కంటే ముందు ఏడుపు వినిపించింది. పిల్ల ఏడుపు. గొంతు బొంగురుపోయి, ఊపిరి అందక మధ్యలో తెగి, మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటున్న ఏడుపు. పిన్ని ఫోను చెవికి గట్టిగా ఒత్తుకుంది.

"అమ్మాయ్" అన్నాడు బావ. గొంతు అరిగిపోయి ఉంది. "నిన్న సాయంత్రం మొదలుపెట్టింది. ఆగట్లేదు. అమ్మ కావాలంటుంది, ఇంటికి పోదామంటుంది, గోడకేసి తల కొట్టుకుంటుంది. ఇన్నాళ్ళూ ఒక్క చుక్క కార్చలేదు కదా, ఇప్పుడేమిటిది? మా అక్క ఎత్తుకుంటే రక్కేస్తోంది. నేనంటే కూడా ఇష్టం లేదు దానికి."

"బావా."

"నన్ను చెప్పనీ. నాదే తప్పు. నిన్ను నోటికొచ్చినట్టు అన్నాను. నీ దగ్గర ఎంత హాయిగా ఉండేదో ఇప్పుడు తెలుస్తోంది. రేపే తీసుకొచ్చేస్తాను. ఇంక నీ దగ్గరే ఉంచు, నీ దగ్గరే పెరగనీ. నేనడ్డురాను, ఒట్టు."

కాటాకి ఆ మాటలన్నీ వినబడుతున్నాయి. ఆమె రెండు చేతులూ జోడించి, చెప్పకే అన్నట్టు తల అడ్డంగా ఊపింది. చెప్పనక్కర్లేదు, నిజమే. పిల్ల తిరిగొస్తుంది. రాసుకోవడం మానేసి, పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుంటే సరిపోతుంది. పిల్ల ఏడుస్తుంది, కొన్నాళ్ళకి తనూ ఏడుస్తుంది, ఇద్దరూ కలిసి ఏడ్చుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఈ లోకంలో పిన్నికి కావలసింది ఆ ఒక్కటే, దాన్ని బావ పళ్ళెంలో పెట్టి ఇస్తున్నాడు.

"ఇదిగో, నీతో మాట్లాడుతుందట" అన్నాడాయన.

ఫోనులో ఊపిరి దగ్గరైంది. ఎక్కిళ్ళ మధ్య నుంచి పిచ్చుక గొంతు వచ్చింది. "పిన్నీ, నీ చెయ్యి పంపించు."

ఏడుపు మళ్ళీ దూరమైంది. బావ ఫోను తీసుకున్నాడు. "విన్నావా, చెయ్యి పంపించాలట. సరే, రేపటిదాకా ఎలాగో చూసుకుంటాం. ఇక్కడి డాక్టరు నిద్రమందు రాశాడు. కొంచెం గట్టిదేనట, పడుకుంటే సద్దుకుంటుందన్నాడు. మా అక్క చెంచాలో పోసి పట్టుకొచ్చింది, అది పట్టి పడుకోబెట్టాక మళ్ళీ చేస్తా."

"పట్టొద్దు" అంది పిన్ని.

"ఏంటి?"

"ఆ మందు పట్టొద్దు. దాని ఒంట్లో ఇంకోటుంది. రెండూ కలిస్తే ఊపిరాడదు. ముందు మీ అక్కగార్ని ఆపు, తర్వాత చెప్తా."

అటువైపు ఏదో కింద పడిన చప్పుడైంది. బావ వాళ్ళ అక్కని కేకేయడం వినిపించింది. పిల్ల ఏడుస్తూనే ఉంది. కాటా కళ్ళు మూసుకుంది. పిన్ని గొంతులో ఇంతసేపూ లేని వణుకు కొంచెం, కొంచెమే, మొదలైంది.

"ఆపాను" అన్నాడు బావ, ఫోనులోకి తిరిగొచ్చి. "దాని ఒంట్లో ఇంకోటి ఏముంది? నీ దగ్గర దానికి మందులేమన్నా వేశావా? వెయ్యలేదన్నావు కదా. నువ్వే ఊరుకోబెడుతున్నావన్నావు."

"బావా, దాన్ని ఊరుకోబెట్టింది నేను కాదు."

"మరెవరు?" అన్నాడు బావ.